సెప్టెంబర్‌లో తిరిగొచ్చిన బెంజీన్: ఒక పెట్రోల్ బంకు కింది నేలను శుద్ధి చేసిన కేసు

కలుషితమైన నేలను శుద్ధి చేసే చిన్న సంస్థ మాది. ఈ కేసులో జూన్ నెలలో ల్యాబ్ రిపోర్టు చూసి పని పూర్తయిందనుకున్నాం. సెప్టెంబర్‌లో బంకు పక్కింటి బోరులో బెంజీన్, అంటే పెట్రోలులో ఉండే విష రసాయనం, దాదాపు మొదటి స్థాయికి వచ్చింది. ఎందుకు వచ్చిందో అర్థం చేసుకోవడానికి మాకు నాలుగు నెలలు, సరిచేయడానికి ఇంకో ఏడాది పట్టాయి. నేలలోకి రసాయనాలు ఎక్కించి కాలుష్యాన్ని తొలగించే పనిలోకి వచ్చే కొత్తవాళ్లు ఆ నాలుగు నెలలు ఆదా చేసుకుంటారని ఇదంతా రాస్తున్నాను. ఊరు, కంపెనీ, సంవత్సరాలు చెప్పను. మొదటి ఏడాది, రెండో ఏడాది అని మాత్రమే అంటాను.

బంకు, బోరు, నేల

తెలంగాణలో ఒక జిల్లా కేంద్రాన్ని ఆనుకుని హైవే మీద ఉన్న బంకు. పెట్టి ఇరవై ఏళ్లు దాటింది. ట్యాంకులు బాగానే ఉన్నాయి గానీ, ట్యాంకు నుంచి పంపుకు వెళ్లే ఇనుప పైపు జాయింట్ తుప్పు పట్టి చాలాకాలంగా బొట్లుబొట్లుగా కారింది. రోజూ డిప్ రాడ్ పెట్టి చూసే స్టాకులో కొద్దికొద్దిగా తేడా వస్తూనే ఉంది. ఎండకు ఆవిరవుతోందని సరిపెట్టుకున్నారు. చలికాలంలో కూడా అదే తేడా వచ్చిందని ఎవరూ రెండు నెలల పుస్తకాలు పక్కపక్కన పెట్టి చూడలేదు.

బంకు వెనక గోడకు పదిహేను మీటర్ల దూరంలో ఒక ఇల్లు. సంగతి మొదట పట్టుకున్నది ఆ ఇంటి పెద్దావిడ. "బియ్యం కడుగుతుంటే పెట్రోలు వాసనొస్తుంది బిడ్డా. మా కోడలికి చెప్తే, బంకు పక్కనుంటే గాలికి రాదా అత్తమ్మా అన్నది. గాలికొచ్చే వాసన గిన్నెలకెట్ల పడ్తది?" అని నన్ను అడిగింది. ఆమె గిన్నె చూపించి చెప్పిన ఆ మాటతోనే మా పని మొదలైంది.

బోరు నీళ్లలో బెంజీన్ లీటరుకు 3,100 మైక్రోగ్రాములు వచ్చింది. తాగే నీటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు 10 మైక్రోగ్రాములు. మేం వెళ్లిన రోజే మోటారు ఫ్యూజులు తీయించాం. తాగకుండా ఉంటే చాలదా అని ఇంటివాళ్లు అడిగారు. చాలదు. బెంజీన్ సులువుగా ఆవిరవుతుంది. వేడినీళ్ల స్నానం చేస్తే గదిలో ఆ ఆవిరినే పీలుస్తారు. ఇంటికి మిషన్ భగీరథ నల్లా ఉండటం అదృష్టం. మిగతా అవసరాలకు బంకు యజమాని ఖర్చుతో ట్యాంకర్ పెట్టించాం.

పైపు మార్చడం మేం రాకముందే అయిపోయింది. డిసెంబర్, జనవరి నెలల్లో తొమ్మిది చోట్ల బోర్లు వేసి నేల చూశాం. పైన రెండు మీటర్లు నల్లరేగడి. దాని అడుగున తెల్లటి సుద్ద గడ్డలు. ఆ కింద ఏడు మీటర్ల వరకు మొరం, ఆ తర్వాత పగుళ్లున్న గ్రానైట్. నీటిమట్టం మేలో ఆరు మీటర్ల లోతున ఉంటే, సెప్టెంబర్ చివరికి రెండున్నర మీటర్లకు పైకొస్తుంది. ఈ మూడున్నర మీటర్ల తేడాను రిపోర్టు మొదటి పేజీలోనే రాశాం. దానికి ఈ పనిలో అర్థం ఏమిటో మాత్రం అప్పుడు ఆలోచించలేదు.

ఏ దారి, ఎందుకు

మట్టి తవ్వి తీసేయడం అన్నిటికన్నా నమ్మకమైన పని. కానీ కాలుష్యం ఉన్నది బంకు షెడ్డు పునాదుల కింద, సగం గోడ అవతల. తవ్వితే షెడ్డు కూలుతుంది, తీసిన మట్టిని ప్రమాదకర వ్యర్థం కింద, అలాంటి వ్యర్థాలను తీసుకునే కేంద్రం ఉన్న దుండిగల్ లాంటి చోటికి తరలించాలి. నీళ్లు తోడి శుద్ధి చేయడం ఏళ్ల తరబడి సాగుతుంది, ఎందుకంటే మట్టికి పట్టిన పెట్రోలు కొంచెంకొంచెంగా నీళ్లలోకి దిగుతూనే ఉంటుంది. సూక్ష్మజీవులకు వదిలేయడం చవక, కానీ పక్కింటివాళ్లకు ఎన్నేళ్లని చెప్పగలం? అందుకే రసాయన ఆక్సీకరణ ఎంచుకున్నాం. ఎలక్ట్రాన్లను బలంగా లాక్కునే పదార్థాన్ని నేలలోకి పంపితే అది బెంజీన్‌లోని ఆరు కార్బన్ల వలయాన్ని విరగ్గొట్టి చివరికి కార్బన్ డయాక్సైడ్, నీళ్లుగా మారుస్తుంది. ఆ పదార్థాన్ని పుస్తకాల్లో ఆక్సీకారిణి అంటారు. సైటులో మేమంతా మందు అంటాం.

మొదట మాకు వచ్చిన కొటేషన్ పొటాషియం పర్మాంగనేట్‌కు. ఒకప్పుడు కలరా భయంతో ఊరి బావుల్లో వేసిన ఊదా రంగు మందు అదే కాబట్టి యజమానికి దాని మీద గురి కుదిరింది. డ్రైక్లీనింగ్, లోహాల శుభ్రతలో వాడే ట్రైక్లోరోఇథిలీన్ లాంటి క్లోరిన్ ద్రావకాల మీద అది చాలా బాగా పనిచేస్తుంది. ఆ అణువులో కార్బన్ల మధ్య ఉన్న జంట బంధాన్ని పట్టుకుంటుంది. బెంజీన్ వలయం మాత్రం దానికి లొంగదు. మందు బలమైనదే అయినా మన కాలుష్యానికి సరిపడేది కాకపోతే దండగ. ఆ కొటేషన్ పక్కన పెట్టాం.

పెరాక్సైడ్‌తో చేసిన ట్రయల్

హైడ్రోజన్ పెరాక్సైడ్‌కు కాస్త ఇనుప లవణం కలిపితే హైడ్రాక్సిల్ రాడికల్ అనే, ఎదురైన దేనితోనైనా వెంటనే కలబడే అణువు ముక్క పుడుతుంది. 1894లో ఫెంటన్ అనే రసాయన శాస్త్రవేత్త చూపించిన చర్య ఇది. ఎలక్ట్రాన్లను లాక్కోవడంలో ఆ రాడికల్ శక్తి 2.8 వోల్టులు, నేల శుద్ధిలో వాడే అత్యంత బలమైనవాటిలో అదొకటి. బెంజీన్‌ను క్షణాల్లో విరగ్గొడుతుంది. ట్యాంకులకు దూరంగా ఒక మూలలో, ఫిబ్రవరిలో, పలుచటి ద్రావణంతో ట్రయల్ చేశాం.

అరగంటలో, పక్కన మేం నీళ్లు పరీక్షించడానికి వేసిన బావి పైపులోంచి నురుగు పొంగింది. నీళ్లు గోరువెచ్చగా మారాయి. 30 శాతం పెరాక్సైడ్ ఒక లీటరు విడిపోతే దాదాపు 100 లీటర్ల ఆక్సిజన్ వస్తుంది. మేం వాడింది పలుచనే అయినా, మొరంలో ఉన్న ఇనుప ఖనిజాలు దాన్ని చూస్తుండగానే విడగొట్టేశాయి. పైగా ఆ వాయువు నేలలోని పెట్రోలు ఆవిరిని తోసుకుంటూ పైకొచ్చింది. ఆక్సిజన్, వేడి, పెట్రోలు ఆవిరి ఒకే చోట చేరాయి. గ్యాస్ మీటర్ మోగగానే పని ఆపి, బంకు పంపులు ఆపించి, అందరినీ బయటికి పంపాం. ఏమీ కాలేదు. ఆ రాత్రి మాత్రం నాకు నిద్ర పట్టలేదు.

మర్నాటికి నీళ్లలో పెరాక్సైడ్ జాడ లేదు. బెంజీన్ సగానికి పడి, పదిహేను రోజుల్లో మళ్లీ యథాస్థితికి వచ్చింది. ఇంత బలమైన మందు ఎందుకు ఓడింది? హైడ్రాక్సిల్ రాడికల్ పుట్టిన చోటే ఖర్చయిపోతుంది. దాని దారిలో మొదట ఎదురయ్యేది బెంజీన్ కావాలని నియమం లేదు. మా నేలలో సుద్ద నిండా ఉంది, సుద్ద నుంచి నీళ్లలోకి వచ్చే బైకార్బనేట్ ఆ రాడికల్‌ను మింగేస్తుంది. నేలను పరీక్షించకుండా మందును ఎంచుకున్నాం, తప్పు అక్కడ జరిగింది.

సీసాల్లో పరీక్ష

ఆ తర్వాత చేసిన పని మొదటే చేయాల్సింది. మూడు పొరల మట్టిని, అక్కడి నీళ్లనే తెచ్చి, సీసాల్లో సోడియం పర్‌సల్ఫేట్ అనే మరో మందుతో కలిపాం. రోజులు గడిచేకొద్దీ మందు ఎంత మిగిలిందో అయొడైడ్ టైట్రేషన్ అనే ల్యాబ్ పద్ధతితో కొలిచాం. కాలుష్యం అసలు లేని మట్టి కూడా మందును తింటుంది. మట్టిలోని సేంద్రియ పదార్థం, ఇనుము, గంధక ఖనిజాలు తమ వాటా తీసుకుంటాయి. కిలో మొరం దాదాపు 2 గ్రాముల పర్‌సల్ఫేట్ తింటే, కిలో నల్లరేగడి 8 గ్రాములు తినేసింది. అంటే మందు పొరపాటున రేగడిలోకి పోతే బెంజీన్ దాకా చేరేది అంతంతమాత్రమే. పెరాక్సైడ్‌లా గంటల్లో అయిపోకుండా మొరంలో వారాల తరబడి నిలవడం పర్‌సల్ఫేట్‌లో మాకు నచ్చిన గుణం. నిలిచేది దూరం ప్రయాణించగలదు.

పర్‌సల్ఫేట్ మామూలుగా మందకొడి. దాన్ని రెచ్చగొడితే సల్ఫేట్ రాడికల్ వస్తుంది. సీసాల్లో కాస్టిక్ సోడాతో రెచ్చగొట్టినవాటిలో బెంజీన్ అన్నిటికన్నా బాగా తగ్గింది. అయినా మేం ఇనుము, సిట్రిక్ ఆమ్లం కలిపిన పద్ధతి తీసుకున్నాం. కాస్టిక్‌తో నేల చాలాకాలం క్షారంగా ఉండిపోతుంది. రేగడిలోని సేంద్రియ పదార్థం కరిగి మందును ఇంకా తింటుంది. క్షార నీళ్లలో విషపూరితమైన ఆరు సంయోజకత క్రోమియం కరిగి, నిలిచి ఉంటుంది. పదిహేను మీటర్లలో ఒక ఇంటి బోరు ఉన్నచోట ఆ పని చేయలేం. సిట్రిక్ ఆమ్లం ఎందుకంటే, సుద్ద నేలలో ఇనుము వెంటనే తుప్పులా పేరుకుపోతుంది, సిట్రేట్ దాన్ని కరిగిన రూపంలో పట్టి ఉంచుతుంది. సిట్రేట్ కూడా కొంత మందు తింటుందని తెలిసే ఒప్పుకున్నాం.

మొదటి విడత, జూన్ రిపోర్టు

మోతాదు లెక్కలో ఈ కేసులోని అసలు తప్పు ఉంది. బెంజీన్ ఒక అణువు పూర్తిగా కార్బన్ డయాక్సైడ్ కావాలంటే 15 పర్‌సల్ఫేట్ అణువులు కావాలి. బరువులో చూస్తే కిలో బెంజీన్‌కు సుమారు 46 కిలోల సోడియం పర్‌సల్ఫేట్. నీళ్లలో కరిగి ఉన్న పెట్రోలు పదార్థాలన్నీ కలిపి 2 కిలోలని తేలింది. దానికి వంద కిలోల లోపు, 270 టన్నుల మొరం తినేదానికి 540 కిలోలు, పైన కొంత కలిపి 900 కిలోలు తెప్పించాం. బావుల్లో పైన తేలుతున్న పెట్రోలును అప్పటికే తోడేశాం కాబట్టి ఇక మిగిలింది కరిగినదే అనుకున్నాం.

ఏప్రిల్, మే నెలల్లో ఎక్కించాం. ఎండాకాలం బోరు బండ్లు దొరుకుతాయి, బురద ఉండదు, అందరికీ అదే అనువు. నల్లరేగడి మాత్రం ఎండకు బీటలు వారి ఉంది. రెండు చోట్ల ద్రావణం ఆ బీటల్లోంచి పైకి ఉబికి గోడ అవతల పెద్దావిడ పెంచుకున్న కనకాంబరాల మడిలోకి పారింది. మొక్కలు మాడిపోయాయి. ఆ మట్టి తీసి కొత్త మట్టి పోయించాం, మొక్కలు కొనిచ్చాం, ఆమె ఎదుట నిలబడి జరిగింది చెప్పాం. అంతకుముందు వరకు ఆమె మమ్మల్ని నమ్మింది. ఆ నమ్మకం తిరిగి సంపాదించడానికి నెలలు పట్టింది.

జూన్‌లో మూడు బావుల్లో బెంజీన్ "గుర్తించదగినంత లేదు" అని ల్యాబ్ చెప్పింది. అందరం సంతోషించాం. ఆగస్టులో మా టీంలో కొత్తగా చేరిన అమ్మాయి ఒక సందేహం అడిగింది: "సార్, బాటిల్లో ఇంకా పర్‌సల్ఫేట్ ఉంటే, హైదరాబాద్ ల్యాబ్‌కు చేరేలోపు అది బెంజీన్‌ను తింటూనే ఉంటుంది కదా?" ఒకే బావి నుంచి రెండు నమూనాలు తీసి, ఒకదానిలో ఆస్కార్బిక్ ఆమ్లం, అంటే విటమిన్ సి, వేసి మిగిలిన మందును అక్కడికక్కడే చంపేశాం. వేయని దాంట్లో బెంజీన్ లేదు. వేసిన దాంట్లో 140 మైక్రోగ్రాములు ఉంది. జూన్‌లో మాకు అంత సంతోషం ఇచ్చిన సున్నాలు నేలలోని నీళ్లవి కావు, సీసాలోని నీళ్లవి. ఆ అమ్మాయి ఆ రోజు అడగకపోతే నేను ఇంకెన్ని రిపోర్టులు అలాగే రాసేవాడినో.

సెప్టెంబర్

వానలు పడి నీటిమట్టం పైకొచ్చింది. ఇంటి బోరులో బెంజీన్ 2,400 మైక్రోగ్రాములు.

పైపు మళ్లీ కారుతోందేమోనని మొదట ప్రెషర్ టెస్ట్ చేయించాం. కారడం లేదు. అప్పుడు మొదటి పేజీలో మేమే రాసిన మూడున్నర మీటర్ల దగ్గరికి తిరిగి వచ్చాం. పెట్రోలు నీళ్ల మీద తేలుతుంది. ఏటా నీటిమట్టం దిగినప్పుడు దానితో దిగుతుంది, ఎక్కినప్పుడు ఎక్కుతుంది. వెళ్లిన ప్రతిచోటా మట్టి రేణువుల మధ్య చిన్నచిన్న బొట్లుగా చిక్కుకుపోతుంది. బిందెలో నూనె తేలే నీళ్లు కొద్దికొద్దిగా వంచేస్తే బిందె గోడకు జిడ్డు చార పట్టినట్టు. ఆ జిడ్డు పట్టిన పొర మా సైటులో మూడు నుంచి అయిదున్నర మీటర్ల మధ్య ఉంది. మేం మందు ఎక్కించింది మేలో, నీళ్లు ఆరు మీటర్ల లోతున ఉన్నప్పుడు. మందు జిడ్డు పొరను దాటుకుని అడుగుకు జారింది. అడుగు నీళ్లు శుభ్రపడ్డాయి. సెప్టెంబర్‌లో నీళ్లు పైకొచ్చి జిడ్డును ముంచాయి, బెంజీన్ మళ్లీ కరిగింది.

లెక్క మళ్లీ వేశాం

ఆ పొరలో ముక్క వదలకుండా మట్టి కోర్లు, అంటే గొట్టంతో నిలువుగా తీసే మట్టి నమూనాలు, తీశాం. కిలో మట్టికి సగటున 800 మిల్లీగ్రాముల పెట్రోలు. 60 చదరపు మీటర్ల మేర, రెండున్నర మీటర్ల మందంలో 270 టన్నుల మట్టి ఉంది కాబట్టి 216 కిలోల పెట్రోలు. నీళ్లలో కరిగి ఉన్నది 2 కిలోలు. మేం మందు లెక్క కట్టింది ఆ 2 కిలోలకే.

216 కిలోలంటే ఒకటిన్నర డ్రమ్ముకు కాస్త తక్కువ, చూడటానికి పెద్ద మొత్తమేమీ కాదు. కానీ బెంజీన్ ఒక్కటే కాదు, పెట్రోలులోని హైడ్రోకార్బన్లన్నీ మందు తింటాయి. కిలోకు సుమారు 50 కిలోల పర్‌సల్ఫేట్ చొప్పున పదకొండు టన్నులకు దగ్గరవుతుంది. యజమాని తట్టుకోలేడు. తట్టుకున్నా నేలలో అంత సల్ఫేట్, అంత ఆమ్లం దింపడం నాకు ఇష్టం లేదు. ఇక్కడే మా ఆలోచన మారింది. మూటలకొద్దీ ఉన్నదాన్ని యంత్రంతో తీయాలి, యంత్రానికి అందని మిగులు మీదే మందు ఖర్చు పెట్టాలి.

పెట్రోలు తేలిగ్గా ఆవిరయ్యేది. రెండో ఏడాది జనవరి నుంచి మే చివరి దాకా, నీళ్లు దిగి మొరం గాలికి తెరుచుకున్న కాలంలో, బావుల నుంచి నేలలోని గాలిని పీల్చి ఆవిరిని పట్టుకునే యాక్టివేటెడ్ కార్బన్ డ్రమ్ముల గుండా వదిలాం. నల్లరేగడి ఇక్కడ మేలు చేసింది. మూతలా పైన ఉండి బయటి గాలి అడ్డదారిన రాకుండా ఆపింది. బీటలను ముందే ప్లాస్టిక్ షీటు పరిచి మూశాం. మొరంలోకి కొత్త గాలి వెళ్లడంతో సూక్ష్మజీవులకూ ఆక్సిజన్ అందింది. మే చివర తీసిన కోర్లలో సగటు 200 మిల్లీగ్రాములకు పడింది, అంటే 54 కిలోలు. దానికి 2.7 టన్నులు, మట్టి తినేదానికి 540 కిలోలు కలిపి 3.2 టన్నుల మందు. అది చేయగలిగిన పని.

రెండో విడత

ఈసారి ఎండాకాలం వదిలేసి సెప్టెంబర్ చివరిదాకా ఆగాం. బురదలో బండి దిగబడుతుందని డ్రిల్లర్ గొణిగాడు, దిగబడింది కూడా. కానీ జిడ్డు పొర మొత్తం నీళ్లలో మునిగి ఉన్నది అప్పుడే. రేగడి తడికి ఉబ్బి బీటలు మూసుకున్నాయి. పద్నాలుగు చోట్ల, ఒక్కోసారి అరమీటరు మందమే తెరిచి, పైనా కిందా రంధ్రాన్ని మూసే ప్యాకర్లు బిగించి, చాలా తక్కువ ఒత్తిడితో 10 శాతం ద్రావణం పంపాం. ఒకే పొడవాటి జల్లెడ పైపులోంచి పంపితే ద్రావణమంతా సులువైన దారి చూసుకుని పోతుంది, బిగువైన పొరలో అడుగుపెట్టదు. మొదటి విడతలో అదీ జరిగిందని అప్పటి ఆరు బావుల్లో రెండింటిలోనే సల్ఫేట్ కనిపించడాన్ని బట్టి ఆలస్యంగా గ్రహించాం. ఇప్పుడు మాత్రం ఎక్కిస్తుండగానే చుట్టూ బావుల్లో విద్యుద్వాహకత కొలిచాం. పర్‌సల్ఫేట్ ఉప్పు కాబట్టి అది చేరిన చోట రీడింగ్ ఒక్కసారిగా లేస్తుంది. లేవని రెండు చోట్ల మళ్లీ కొత్తగా రంధ్రాలు వేశాం. సగం మందు అప్పుడు, కొలతలు చూసుకుని మిగతా సగం నవంబర్‌లో.

పర్‌సల్ఫేట్ ఇనుమును తినేస్తుంది. బంకు కొత్త ఇనుప పైపులకు మూడు మీటర్ల లోపు ఎక్కడా ఎక్కించలేదు, మందు పంపే పైపులన్నీ ప్లాస్టిక్‌వే వాడాం. మందు పనిచేస్తే సల్ఫ్యూరిక్ ఆమ్లం పుడుతుంది. పెరాక్సైడ్‌ను ఓడించిన సుద్ద ఈసారి ఆ ఆమ్లాన్ని విరిచి జిప్సంగా మార్చింది. క్రోమియం ఒక బావిలో లీటరుకు 60 మైక్రోగ్రాములకు లేచింది. మన తాగునీటి ప్రమాణం 50. అయిదు నెలల్లో దాని కిందికి దిగింది. ఆ అయిదు నెలలూ పదిహేను రోజులకోసారి కొలుస్తూ టెన్షన్ పడ్డాం. సల్ఫేట్ ఇంటి బోరులో 400 మిల్లీగ్రాముల హద్దు దాటి పద్నాలుగు నెలలు అలాగే ఉంది. ఈ సంగతులు మందు ఎక్కించే ముందే ఇంటివాళ్లకు కాగితం మీద రాసి ఇచ్చాం. మిగిలిన సల్ఫేట్ కొంత మేలు కూడా చేస్తుంది. ఆక్సిజన్ లేని చోట దాన్ని వాడుకుని బెంజీన్‌ను నెమ్మదిగా తినే బ్యాక్టీరియా నేలలో ఉంటుంది.

మూడో ఏడాది సెప్టెంబర్‌లో ఇంటి బోరులో బెంజీన్ 6 మైక్రోగ్రాములు. ప్రతి సీసాలో విటమిన్ సి వేసి తీసిన నమూనాలే. అయినా వాడొచ్చని చెప్పలేదు. ఇంకో వానాకాలం ఆగాం. నాలుగో ఏడాది సెప్టెంబర్‌లో 5 లోపు వచ్చి, సల్ఫేట్ కూడా హద్దులోకి దిగాక, ఫ్యూజులు తిరిగి పెట్టి మొక్కలకూ బయటి వాడకానికీ సరే అన్నాం. తాగడానికి నల్లా నీళ్లే.

మా పనిలో మారినవి

ఇప్పుడు మేం ఏ సైటుకైనా కోట్ ఇచ్చే ముందు రెండు అంకెలు పక్కపక్కన రాస్తాం: నీళ్లలో ఉన్న కాలుష్యం ఎన్ని కిలోలు, మట్టికి పట్టినది ఎన్ని కిలోలు. రెండో అంకె తెలియకపోతే మోతాదు చెప్పం. అక్కడి మట్టితో సీసా పరీక్ష కాకుండా మందు పేరు కూడా ఎత్తం. కస్టమర్లు కొందరు విసుక్కుని వేరేవాళ్ల దగ్గరికి వెళ్తారు. వెళ్లనిస్తాం.

మందు ఎక్కించే నెలను నీటిమట్టమే నిర్ణయిస్తుంది, బోరు బండి ఖాళీగా ఉందా లేదా అన్నది చూడం. పని పూర్తయిందనే మాటను ఒక పూర్తి వానాకాలం దాటాకే రాస్తాం, కాంట్రాక్టులోనే ఆ గడువు పెట్టిస్తాం. దీనివల్ల చివరి చెల్లింపు ఏడాది ఆలస్యమవుతుంది, చిన్న సంస్థకు అది భారమే. జూన్ రిపోర్టు పట్టుకుని ఆ పెద్దావిడకు "నీళ్లు బాగైనయమ్మా" అని చెప్పింది నేనే. సెప్టెంబర్‌లో మళ్లీ వెళ్లి కాలేదని చెప్పాల్సి వచ్చింది. ఆ భారం ముందు చెల్లింపు ఆలస్యం పెద్దది కాదు.

ఒక్కటి మాత్రం ఇంకా తెగలేదు. బంకు మూలన, మొరానికీ రేగడికీ మధ్య బంకమట్టి పట్టీ ఉన్న చోట, ఒక బావిలో బెంజీన్ నాలుగో ఏడాదిలోనూ 38 మైక్రోగ్రాములు ఉంది. మందు ఆ బంకలోకి దిగలేదు. లోపలి బెంజీన్ మాత్రం నెమ్మదిగా బయటికి ఊరుతోంది. మళ్లీ మందు ఎక్కించాలని యజమాని అడిగాడు. ఎక్కిస్తే చుట్టూ ఉన్న మొరమే తినేస్తుంది, బంకకు అందదు. ఇంటి వైపు దాని ప్రభావం కనిపించడం లేదు, అంకె ఏటా తగ్గుతోంది. అందుకని బ్యాక్టీరియాకే వదిలి, ఏడాదికి రెండుసార్లు, మేలో ఒకసారి, సెప్టెంబర్‌లో ఒకసారి కొలుస్తున్నాం.